ముందుకు కదలనని మొరాయించే గుర్రం: కారణం వెతకడం దగ్గర్నుంచి మళ్ళీ రైడ్‌కి వెళ్ళేదాకా

లాయం నుంచి గేటు దాకా బాగానే వస్తుంది. గేటు దాటగానే నాలుగు కాళ్ళూ బిగబట్టి నిలబడిపోతుంది. పిక్కలతో నొక్కితే చెవులు వెనక్కి వాలుస్తుంది. మడమతో తంతే రెండడుగులు వెనక్కి వేస్తుంది. కొరడా తీస్తే గిర్రున లాయం వైపు తిరుగుతుంది. చుట్టూ ఉన్నవాళ్ళది మాత్రం ఒకటే సలహా: "గట్టిగా రెండు తగిలించు, లేకపోతే నీకు అలుసైపోతుంది."

ఆ రెండూ తగిలించాక కొన్ని గుర్రాలు కదులుతాయి, నిజమే. వాటిలో చాలా మటుకు వారం తిరక్కుండానే మళ్ళీ ఆగుతాయి, ఈసారి ముందు కాళ్ళు పైకెత్తి మరీ. గుర్రం ముందుకు వెళ్ళనని ఆగడానికి సాధారణంగా నాలుగు రకాల కారణాలుంటాయి: ఎక్కడో నొప్పి, ఏదో భయం, మీరు అడుగుతున్నది అర్థం కాకపోవడం, ఆగితే పని తప్పుతుందని అలవాటు పడటం. మనం పొగరు అనుకునేది ఈ నాలుగోదాన్నే. అది కూడా మొదట్లో పై మూడింట్లో ఏదో ఒకదానితోనే మొదలై ఉంటుంది. అందుకే వెతకడం కూడా ఈ వరసలోనే సాగాలి. నొప్పి లేదని తేల్చుకోకుండా ట్రైనింగ్ మొదలుపెడితే గుర్రం సమయం, మీ సమయం రెండూ దండగ.

రైడ్ మధ్యలో ఇప్పుడే ఆగిపోతే

అసలు పని ఇంటికెళ్ళాక చేసుకోవచ్చు. ముందు ఈ పూట మీరు, గుర్రం క్షేమంగా బయటపడాలి.

పగ్గాలు కాస్త వదలండి. గుర్రం ఆగిన వెంటనే మన చేతులు తెలియకుండానే బిగుసుకుంటాయి, దాంతో ముందుకు వెళ్ళే దారి మూసుకుపోతుంది. తల ఎత్తి చూడనివ్వండి. చెవులు రెండూ ఒకే వైపు నిక్కబొడుచుకుని, ముక్కుపుటాలు పెద్దవై ఉంటే అది దేన్నో చూసి భయపడుతోంది. చెవులు మీ వైపు వాలి, తోక విసురుతుంటే దాని ఇబ్బంది మీతోనో, జీనుతోనో.

భయమైతే కొంచెం టైమ్ ఇవ్వండి. తల కిందికి దించి, ఊపిరి గట్టిగా వదిలాక ఒక్క అడుగు అడగండి. ఎంతకీ కదలకపోతే నేరుగా ముందుకే అని పట్టు పట్టకుండా, ఒక పగ్గాన్ని మోకాలి వైపు కొద్దిగా తెరిచి పక్కకు ఒక అడుగు అడగండి. వెనక కాలు పక్కకు దాటి పడిందంటే బిగుసుకున్న శరీరం సడలినట్టే. ఆ కదలికనే ముందుకు మళ్ళించండి.

ముందు భాగం తేలికైనట్టు అనిపించి, గుర్రం పైకి లేవబోతోందనుకుంటే వెంటనే ముందుకు వంగి, రెండు పగ్గాలూ వదులు చేసి, జూలు పట్టుకోండి. పగ్గాలు పట్టుకుని వేలాడకండి. పైకి లేచిన గుర్రాన్ని వెనక్కి లాగితే అది వెల్లకిలా పడుతుంది, మీరు దాని కింద ఉంటారు. కాళ్ళు నేలకు ఆనగానే ఒక పక్కకు తిప్పండి. రెండోసారి కూడా లేచిందంటే దిగిపోండి. తలకు రైడింగ్ హెల్మెట్ లేకుండా ఇలాంటి గుర్రం ఎక్కడం తెలివైన పని కాదు. బైక్ హెల్మెట్ దానికి ప్రత్యామ్నాయం కాదు.

"దిగితే గుర్రం గెలిచినట్టే" అని రైడింగ్ స్కూళ్ళలో తరచూ వినిపిస్తుంది. గుర్రానికి గెలుపోటముల లెక్క లేదు. తను ఏం చేసినప్పుడు ఒత్తిడి ఆగిందన్నదే అది గుర్తుపెట్టుకుంటుంది. కాబట్టి దిగడంలో తప్పు లేదు. దిగి నేరుగా లాయానికి తీసుకెళ్ళి జీను విప్పేస్తే మాత్రం, ఆగితే ఇంటికి పంపిస్తారని నేర్చుకుంటుంది. దిగి, పగ్గం పట్టుకుని, ఆగిన చోటు దాటించి ఇరవై అడుగులు నడిపించి, అక్కడ కాసేపు నిలబెట్టి వెనక్కి తెచ్చారనుకోండి, ముందుకు నడిస్తే హాయిగా ఉంటుందన్నది నేర్చుకుంటుంది.

మొదటి మెట్టు: నొప్పి ఉందేమో చూడటం

ఇక్కడ తొందర పనికిరాదు. నిన్నటిదాకా బాగా నడిచి ఈ వారం హఠాత్తుగా మొరాయిస్తున్న గుర్రం విషయంలోనైతే, వేరే రుజువు దొరికేదాకా అది నొప్పేననుకుని వెతకండి.

*జీను, వీపు.* జీను కింద మెత్త లేకుండా వీపు మీద పెట్టి చూడండి. మూపు ఎముకకూ జీను కమానుకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. మీరు కూర్చున్నాక కూడా సందు పూర్తిగా పోకూడదు. రైడ్ అయ్యాక జీను తీసి చెమట మరకలు గమనించండి. చుట్టూ తడిసి మధ్యలో అరచేయంత పొడిగా మిగిలిందంటే అక్కడ విపరీతమైన ఒత్తిడి పడుతుండవచ్చు. మూపుకి రెండు వైపులా తెల్ల వెంట్రుకలు మొలిచి ఉంటే పాత జీను చేసిన గాయాల గుర్తులవి. తర్వాత వెన్నెముకకు అటూ ఇటూ వేళ్ళ మెత్తటి భాగంతో మూపు నుంచి నడుము దాకా నెమ్మదిగా నొక్కుకుంటూ వెళ్ళండి. ఒకే చోట ప్రతిసారీ కుంగిపోవడం, తోక విసరడం, కరవడానికి తల తిప్పడం కనిపిస్తే డాక్టర్‌కి చెప్పాల్సిన విషయం దొరికినట్టే.

మన దగ్గర చాలా క్లబ్బుల్లో రెండు మూడు జీన్లే గుర్రాలన్నిటికీ తిరుగుతుంటాయి. బలంగా ఉన్నప్పుడు సరిపోయిన జీను కూడా గుర్రం చిక్కిపోతే సరిపోదు.

*బరువు.* రౌతు, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదన్నది అందరూ పాటించే లెక్క. 450 కిలోల థరోబ్రెడ్‌కి (రేసుల కోసం పెంచే జాతి గుర్రానికి) అది 90 కిలోలు. 250 కిలోల పోనీకి 50 కిలోలు మాత్రమే. పిల్లల కోసం ఉంచిన పోనీ మీద పెద్దవాళ్ళు ఎక్కి, అది కదలడం లేదంటే దాన్ని తప్పుపట్టడానికేం లేదు.

*నోరు.* గుర్రం పళ్ళు జీవితంలో ఎక్కువ కాలం పైకి వస్తూనే ఉంటాయి, నమిలినప్పుడు అరుగుతూ ఉంటాయి. సమంగా అరగకపోతే అంచులు కత్తుల్లా తేలి బుగ్గల్ని, నాలుకను కోస్తాయి. ఏడాదికి ఒకసారైనా పళ్ళు చూపించి అరగదీయించాలి. దాణా నోట్లోంచి జారిపడుతున్నా, కళ్ళెం పెట్టేటప్పుడు తల ఎత్తేస్తున్నా అనుమానం ముందు అక్కడే. పెదవుల మూలలు చూడండి, పుండుందేమో. ముళ్ళున్న కళ్ళాలు ఇంకా కొన్ని చోట్ల వాడుతున్నారు. బరువు మోసే, బండి లాగే జంతువుల మీద క్రూరత్వ నివారణకు 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలు అలాంటి కళ్ళాన్ని సూటిగా నిషేధించాయి. చట్టం సంగతి పక్కనపెట్టినా, ముందుకెళ్తే నోరు చిరుగుతుందని తెలిసిన గుర్రం ముందుకెందుకు వెళ్తుంది?

*కాళ్ళు, గిట్టలు.* గట్టి నేల మీద మనిషి లేకుండా ట్రాట్ (నడకకంటే వేగమైన చిన్న పరుగు) చేయించి ఎదురుగా నిలబడి చూడండి. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు ఆనినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. ఒక గిట్ట మిగతావాటికంటే వేడిగా ఉందా? వర్షాకాలంలో గిట్ట అడుగున నల్లగా, దుర్వాసనతో కుళ్ళు పట్టిందా? లాడం కొట్టి ఎన్నాళ్ళయింది? ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి నాల్‌బంద్ (లాడాలు కొట్టే మనిషి) చేత గిట్టలు చెక్కించాలి. మెత్తటి ఇసుక మైదానంలో హాయిగా తిరిగి, కంకర రోడ్డు రాగానే ఆగే గుర్రానికి ధైర్యం తక్కువ కాదు, అరికాళ్ళు నొప్పి.

*పొట్ట.* దీన్నే మనవాళ్ళు ఎక్కువగా వదిలేస్తారు. గుర్రం కడుపులో యాసిడ్ రోజంతా ఊరుతూనే ఉంటుంది, తిన్నా తినకపోయినా. అందుకే దానికి రోజంతా కొద్దికొద్దిగా గడ్డి నములుతుండాలి. పొద్దున, సాయంత్రం ఉలవలు, బార్లీ, తవుడు పెట్టి, మధ్యలో ఏడెనిమిది గంటలు ఖాళీ తొట్టి ముందు నిలబెడితే కడుపులో పుండ్లు పడటానికి అవకాశం ఎక్కువ. ఖాళీ కడుపుతో పరిగెత్తిస్తే యాసిడ్ పైకి చిమ్మి, కడుపులో రక్షణ లేని పై భాగాన్ని తాకుతుంది. పొట్ట కింద పట్టీ బిగించగానే కరవబోయే గుర్రం, పిక్క తగలగానే గింజుకునే గుర్రం ఉంటే ఈ కోణంలో డాక్టర్‌ని అడగండి. ఖాయంగా తేలాలంటే ఎండోస్కోపీ కావాలి. అది ఎలాగూ అన్నిచోట్లా దొరకదు కానీ మేత పద్ధతి మార్చడం మీ చేతిలో ఉంది. 450 కిలోల గుర్రానికి రోజుకు కనీసం ఏడు కిలోల ఎండుగడ్డి చొప్పున లెక్క వేసుకోండి, రైడ్‌కి ముందు పిడికెడు కాదు, రెండు మూడు దోసిళ్ళ లూసర్న్ మేత గానీ మామూలు గడ్డి గానీ తినిపించండి.

నడవలేకపోతోందని ఉలవలు పెంచేవాళ్ళూ ఉన్నారు. రెండు రోజులు లాయంలో నిలబెట్టి, దాణా తగ్గించకుండా మూడో రోజు పరిగెత్తిస్తే కొన్ని గుర్రాలకు కండరాలు గట్టిపడి కాలు కదపలేవు. చెమటలు, వణుకు, ముదురు రంగు మూత్రం కనిపిస్తే అది మొరాయింపు కాదు. ఒక్క అడుగు కూడా నడిపించకుండా డాక్టర్‌ని అక్కడికే పిలవాలి.

*జ్వరం, రక్తం తగ్గడం.* మన ప్రాంతంలో వానలు పడ్డాక జోరీగలు ముసురుతాయి. అవి కుట్టడంవల్ల సర్రా అనే జబ్బు వ్యాపిస్తుంది. జ్వరం వచ్చి పోతుంటుంది, గుర్రం చిక్కిపోతుంది, చిగుళ్ళు పాలిపోతాయి, పొట్ట కిందా కాళ్ళలోనూ నీరు దిగుతుంది. తొలి రోజుల్లో కనిపించేదల్లా ఒక్కటే: మునుపటి హుషారు లేకపోవడం. బద్ధకం అనుకుని కొరడా తీసేముందు థర్మామీటర్ పెట్టి చూడండి. 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మామూలే. పెద్ద గుర్రానికి విశ్రాంతిలో గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకోవాలి. ఇవి వారానికోసారి రాసిపెట్టుకుంటే మీ గుర్రానికి ఏది మామూలో మీకే తెలుస్తుంది.

*ఎండ.* ఏప్రిల్, మే నెలల్లో ఉదయం ఎనిమిదింటికే గుర్రం ఆగిపోతుంటే అది చెప్పేది వినండి. తీర ప్రాంతాల్లో, విశాఖ, కాకినాడ లాంటి ఉక్క ఎక్కువున్న చోట్ల, కొన్ని గుర్రాలకు చెమట పట్టడమే ఆగిపోతుంది. ఒళ్ళు పొడిగా, వేడిగా ఉండి ఊపిరి మాత్రం వేగంగా ఆడుతుంది. అలాంటి గుర్రం నిలబడిపోయిందంటే ప్రాణం కాపాడుకుంటోందని అర్థం. నీడకు తీసుకెళ్ళి ఒంటి నిండా నీళ్ళు పోస్తూనే ఉండండి. పైన చెప్పిన 1965 నిబంధనలే 37 డిగ్రీలు దాటే ప్రాంతాల్లో మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు బండి లాగే, బరువు మోసే జంతువుల చేత పని చేయించకూడదంటున్నాయి. రైడింగ్‌కి ఇంకా ముందే ఆపేయడం మంచిది.

మామూలు పశువుల ఆస్పత్రిలో గుర్రాల అనుభవం ఉన్న డాక్టర్ అన్నిచోట్లా ఉండరు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల్లో అడగవచ్చు. వెళ్ళేటప్పుడు గుర్రం ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తే ఆగుతోందో ఫోన్‌లో వీడియో తీసుకెళ్ళండి. అక్కడికెళ్ళాక చక్కగా నడిచి మీ పరువు తీసే గుర్రాలే ఎక్కువ.

ఇంట్లోనే చేసుకోదగ్గ ఒక పరీక్ష కూడా ఉంది. అదే దారిలో ఒక రోజు జీను, మనిషి ఏమీ లేకుండా తాడుతో నడిపించండి. ఇంకో రోజు ఖాళీ జీనుతో. మరో రోజు మీరు ఎక్కి. ఏ రోజు ఆగిందన్నదాన్నిబట్టి ఎక్కడ వెతకాలో చాలావరకు తేలిపోతుంది. మూడు రోజులూ ఒకే చోట ఆగిందంటే సమస్య దారిలో ఉంది. మూడో రోజే ఆగిందంటే జీనులోనో, వీపులోనో, ఎక్కిన మనిషిలోనో ఉంది.

గుర్రం ఇంతకుముందు ఏం పని చేసింది?

హైదరాబాద్ రైడింగ్ స్కూళ్ళలో చాలా గుర్రాలు మలక్‌పేట రేస్‌కోర్స్ నుంచో, వేరే ఊళ్ళ రేసుల నుంచో రిటైరై వచ్చిన థరోబ్రెడ్‌లు. వాటికి రెండు మూడేళ్ళ వయసు నుంచీ తెలిసింది వేరే పద్ధతి. జాకీ రికాబులు (జీనుకి వేలాడే, పాదాలు పెట్టుకునే కడియాలు) పొట్టిగా పెట్టుకుని మెడ మీదికి వంగి ఉంటాడు, అతని కాళ్ళు డొక్కను పెద్దగా తాకవు. పగ్గం బిగిస్తే దాని మీద ఆనుకుని ఇంకా వేగంగా వెళ్ళడం అక్కడ అలవాటు. పైగా ఎప్పుడూ తోటి గుర్రాలతోనే తిరిగింది. అలాంటి గుర్రం మీద మీరు పొడుగు రికాబులతో బరువుగా కూర్చుని, పిక్కలతో నొక్కి, ఒంటరిగా రోడ్డు మీదికి పొమ్మంటే ఆ మూడూ దానికి కొత్తే. అది ఆగిపోవడం తప్పు కాదు, ఎవరూ నేర్పలేదంతే.

బరాత్ (పెళ్ళి ఊరేగింపు) గుర్రాల కథ వేరు. డప్పులు, బ్యాండు మధ్య ఉన్నచోటే కాళ్ళు ఎత్తి ఎత్తి వేయడం వాటికి నేర్పి ఉంటారు. పగ్గం బిగించి మడమ తగిలిస్తే అది ముందుకు రాదు, ఆడుతుంది. చూసేవాళ్ళకి ముచ్చటగానే ఉంటుంది, ఎక్కినవాడికి మాత్రం అడుగు ముందుకు పడదు. ఇలాంటి గుర్రానికి పగ్గం పూర్తిగా వదులు చేసి, మడమ అసలు వాడకుండా, నోటి మాటతో నడక నేర్పాలి. పాత ఆదేశాన్ని మరిపించడం కంటే కొత్తది నేర్పడం తేలిక.

పాడేరు, చింతపల్లి వైపు కొండదారుల్లో సరుకులు మోసే చిన్న గుర్రాల్లో కొన్ని మనిషి ముందు నడిస్తే వెనక వస్తాయి. వీపు మీద కూర్చున్న మనిషి దారి చూపించడం వాటికి తెలియదు. అలాంటి గుర్రాన్ని కొంటే తొలి వారాల్లో ఒక మనిషి ముందు నడవాల్సిందే.

రౌతు వైపు చూస్తే

ఒక స్నేహితుణ్ణి పక్క నుంచి వీడియో తీయమనండి. మీరు "పద" అన్న క్షణంలో మీ చేతులు ఎక్కడున్నాయో చూడండి. కొత్త రౌతుల్లో ఎంతోమంది పిక్కతో ముందుకు పొమ్మంటూనే పడిపోతామన్న టెన్షన్‌తో పగ్గాలు గుండెల దాకా లాక్కుంటారు. గుర్రానికి వెళ్ళమని, ఆగమని రెండూ ఒకేసారి అందుతాయి. తెలివైన గుర్రం ఆగుతుంది, చిరాకు గుర్రం పైకి లేస్తుంది.

రెండో అలవాటు, అడుగడుక్కీ మడమతో తడుతూ ఉండటం. గుర్రం నడుస్తున్నా తన్నులు ఆగకపోతే, నడవడంవల్ల దానికి ఒరిగిందేమీ లేదు. కొన్నాళ్ళకి ఆ తాకిడిని పట్టించుకోవడమే మానేస్తుంది. స్కూల్ గుర్రాల డొక్కలు మొద్దుబారాయంటారు. అవి మొద్దుబారలేదు. ఈగ వాలినా చర్మం విదిలించే జంతువు అది.

నేల మీద నేర్పడం

జీను ఎక్కే ముందు, "ముందుకు" అన్న ఒక్క మాట గుర్రానికి నేల మీద స్పష్టం కావాలి. హాల్టర్ (నోట్లో కళ్ళెం లేకుండా తలకు కట్టే పట్టీ), పొడవైన తాడు, ఒక సన్నటి పొడుగు కర్ర చాలు.

గుర్రం ఎడమ భుజం పక్కన, దాని వైపే ముఖం పెట్టకుండా ముందుకు చూస్తూ నిలబడండి. తాడు వదులుగా ఉండాలి. "చల్" అనండి, మీకు ఇష్టమైన ఇంకే మాటైనా సరే, ఎప్పుడూ అదే ఉండాలి. రెండు సెకన్లలో కదలకపోతే కర్ర కొసతో డొక్క వెనక భాగంలో మెల్లగా, ఒకే లయలో తడుతూ ఉండండి. దెబ్బ కాదిది, చిరాకు పుట్టించే తాకిడి. కదలకపోతే లయ కొంచెం పెంచండి, మధ్యలో ఆపకండి. ఒక్క కాలు ముందుకు లేచిన మరుక్షణం అన్నీ ఆపేయండి.

మొత్తం పాఠం ఆ ఆపడంలోనే ఉంది. గుర్రం కాలు ఎత్తినప్పుడు మీరు ఆపితే కాలు ఎత్తడం నేర్చుకుంటుంది. మీరు రెండు సెకన్లు ఆలస్యం చేశారనుకోండి, అప్పటికి అది మళ్ళీ ఆగి ఉంటుంది, ఆగడం నేర్చుకుంటుంది. అది కదలకముందే మీకు విసుగొచ్చి తట్టడం మానేస్తే ఇంకా అన్యాయం: ఓపిగ్గా నిలబడితే వీళ్ళే అలసిపోతారని దానికి తెలిసిపోతుంది. అందుకే మొదలుపెట్టేముందే ఒక అడుగు వచ్చేదాకా ఆగనని అనుకునే మొదలుపెట్టండి, అడిగేది మాత్రం ఒక్క అడుగే అడగండి.

అడుగు వేశాక మూపు దగ్గర వేళ్ళతో గోకండి. గుర్రాలు ఒకదాన్నొకటి అక్కడే గోక్కుంటాయి, అక్కడ గోకితే వాటి గుండె వేగం తగ్గుతుంది. మెడ మీద చప్పుడయ్యేలా చరచడం మనకు ఆనందం, దానికి అంత కాదు.

పది నిమిషాలు చాలు. ఒక అడుగు, తర్వాత మూడు, తర్వాత పది. మాట వినగానే తాకిడి అవసరం లేకుండా కదిలే రోజు వచ్చాక చోటు మార్చండి: లాయం ముందు, గేటు దగ్గర, గేటు బయట. చోటు మారితే గుర్రానికి పాఠం కొత్తగానే ఉంటుంది, మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి రావచ్చు.

జీను మీద అదే పాఠం

మైదానంలోనే మొదలుపెట్టండి. వరస ఇది: చేతులు మెత్తబరచండి, వెళ్ళాల్సిన చోటు వైపు చూడండి, నేల మీద నేర్పిన మాట అనండి, పిక్కలతో తేలిగ్గా నొక్కండి. స్పందన లేకపోతే పిక్క ఒత్తిడి పెంచకుండా, పిక్కకు వెనకగా చిన్న కొరడా కొసతో నేల మీద తట్టిన లయలోనే తట్టండి. అడుగు పడగానే పిక్క, కొరడా, మాట అన్నీ ఆగాలి. చేతులు మాత్రం గుర్రం తలతో పాటు ముందుకు వెళ్ళాలి. చాలామంది సరిగ్గా ఆ మొదటి అడుగులోనే వెనక్కి ఊగి, పగ్గం పట్టుకుని నోరు లాగేస్తారు. మీకు ఆ భయం ఉంటే జూలు కొంత వేళ్ళ మధ్య పట్టుకోండి.

మొదట తేలిగ్గా అడగడం, తర్వాతే గట్టిగా అడగడం ప్రతిసారీ జరగాలి. అలా అయితేనే గుర్రం తేలికైనదానికే జవాబివ్వడం నేర్చుకుంటుంది. కొరడా చేతిలో ఉన్నా వాడాల్సిన అవసరం లేని దశకు వచ్చాకే బయటి దారి గురించి ఆలోచించండి. ఈ దశలో ముల్లు మడమల (బూటు మడమకు కట్టుకునే లోహపు ముళ్ళు, స్పర్స్) జోలికి వెళ్ళకండి. కాలు స్థిరంగా ఉండని రౌతు వాటిని పెట్టుకోవడం గుర్రానికి శిక్ష.

వెనక్కి నడిపించడాన్ని దండనగా వాడే పద్ధతి కూడా నాకు నచ్చదు. వెనక్కి వెళ్ళడం మొరాయింపులో ఒక భాగం, దాన్ని మనమే సాధన చేయించినట్టవుతుంది. చెవి మెలిపెట్టడమైతే మరీ ఘోరం. తర్వాత దానికి కళ్ళెం పెట్టడమే గండమవుతుంది.

గేటు దాటడం

గుర్రం ఎక్కడ ఆగుతుందో మీకు ఇప్పటికే తెలుసు: ఫలానా వేపచెట్టు, ఫలానా ట్రాన్స్‌ఫార్మర్. ఆ చోటుకి పది పదిహేను అడుగుల ముందే మీరే ఆపండి, అదింకా హాయిగా నడుస్తుండగానే. నిలబడనివ్వండి. గడ్డి ఉంటే దిగి మేపండి. తల దించి, నోరు చప్పరించి, ఒక వెనక కాలు సడలించిందంటే చాలు, మీరే వెనక్కి తిప్పండి. మర్నాడు ఇంకో ఐదు అడుగులు ముందుకి. తిరుగుదల ఎప్పుడూ మీ నిర్ణయంగా, అది అడగకముందే జరగాలి.

ఇంటికి వచ్చాక వెంటనే జీను విప్పి దాణా పెట్టకండి. మైదానంలో పది నిమిషాలు ట్రాట్, మలుపులు చేయించి, తర్వాత విప్పండి. పని ఇంట్లో, విశ్రాంతి బయట అన్న లెక్క మారేకొద్దీ గేటు మీద దానికున్న అభిప్రాయం మారుతుంది. వెళ్ళిన దారినే తిరిగి రాకుండా చుట్టి వచ్చే దారి దొరికితే ఇంకా మేలు.

తోటి గుర్రాన్ని వదిలి రాలేని గుర్రానికి ఒక నిదానమైన తోడు కావాలి. ముందు దాని వెనక, కొన్నాళ్ళకు పక్కన, తర్వాత ఒక గుర్రం పొడవు ముందు. చివర్లో తోడు గుర్రం కొద్దిసేపు ఆగిపోతుంది, మీరు ముందుకెళ్ళి తిరిగొస్తారు. ఒక్కసారే విడదీసి "ఏడ్చి ఏడ్చి అలవాటు పడుతుంది" అనుకోవడం ప్రమాదం. గుంపు లేకపోతే పులి తింటుందన్న భయం వేల ఏళ్ళది, అది మన గేటు దగ్గర మాయం కాదు. ఇంట్లో కూడా రోజూ కొన్ని నిమిషాలు, గడ్డి ముందు పెట్టి, విడివిడిగా కట్టడం అలవాటు చేయండి.

చూసి భయపడి ఆగేదైతే

గుర్రం కళ్ళు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ దాదాపు 350 డిగ్రీలు కనిపిస్తుంది గానీ, నుదుటికి సరిగ్గా ఎదురుగా ఉన్న కొద్దిపాటి చోటు, తోక వెనక చోటు కనిపించవు. దూరపుదాన్ని చూడటానికి తల ఎత్తాలి, దగ్గరిదాన్ని చూడటానికి దించాలి. తల కదలకుండా పగ్గం పట్టుకుంటే సగం గుడ్డిదాన్ని చేసినట్టే. ఎండలోంచి చీకట్లోకి వెళ్ళినప్పుడు దాని కళ్ళు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సేపు పడుతుంది. రింగ్ రోడ్డు కింద అండర్‌పాస్ దగ్గర ఆగే గుర్రాన్ని తిట్టేముందు, లోపల దానికి నల్లటి గొయ్యి తప్ప ఏమీ కనిపించడం లేదని గుర్తుంచుకోండి. ముఖద్వారం దగ్గర ఒక నిమిషం నిలబెడితే చాలాసార్లు అదే నడుస్తుంది.

నీటి గుంటల లోతు దానికి తెలియదు. మొదట వెడల్పైన, పక్కనుంచి దాటిపోలేని, లోతులేని గుంట ఎంచుకుని, ధైర్యమున్న గుర్రం వెనక నడిపించండి. గాలికి కొట్టుకునే ఫ్లెక్సీ, ప్లాస్టిక్ పట్టా లాంటివి లాయం దగ్గరే చూపించవచ్చు. వస్తువును గుర్రం మీదికి తేవద్దు. ఒక మనిషి పట్టా పట్టుకుని ముందు నడుస్తుంటే గుర్రం వెనక రావాలి. తన నుంచి దూరమయ్యేదాన్ని వెంబడించడంలో దానికి కుతూహలం పుడుతుంది. దీపావళి వారం, వినాయక నిమజ్జనం రోజుల్లో మాత్రం కొత్త గుర్రంతో రోడ్డెక్కకండి.

మళ్ళీ మొదటికొస్తే

రెండు వారాలు చక్కగా నడిచి ఒక రోజు మళ్ళీ ఆగడం మామూలే. ఆ రోజు కొత్త పాఠం వద్దు. రెండు మెట్లు వెనక్కి వెళ్ళి, తేలిగ్గా చేయగలిగింది చేయించి ముగించండి. మూడు రోజులు వరసగా ఆగితే మళ్ళీ వీపు, గిట్టలు, థర్మామీటర్ దగ్గరికే వెళ్ళాలి. ఆడగుర్రమైతే తేదీలు రాసుకోండి. దాదాపు 21 రోజులకోసారి ఎదకు వచ్చినప్పుడే ఈ తంతు జరుగుతోందేమో తేలుతుంది.

పైకి లేవడం, వెనక్కి వేగంగా నడుస్తూ రోడ్డు మీదికో గట్టు మీదికో పోవడం అలవాటుగా మారిన గుర్రాన్ని ఇది చదివి మీరే సరిచేద్దామనుకోకండి. అనుభవమున్న ట్రైనర్‌కి అప్పగించండి. అప్పగించేముందు ఆయన వేరే గుర్రంతో పని చేస్తుండగా ఒక గంట చూడండి. గుర్రం సరైన అడుగు వేసిన క్షణంలో ఆయన చేయి వదులవుతోందా లేదా అన్నదొక్కటే గమనించండి. వదులవకపోతే ఫీజు ఎంత తక్కువైనా మీ గుర్రాన్ని అక్కడ దించకండి. ఒకవేళ అమ్మేయాలని నిర్ణయించుకుంటే, కొనేవాళ్ళకి అది ఎక్కడ, ఎలా ఆగుతుందో చెప్పి, వాళ్ళచేత ఆ దారిలోనే ఒకసారి నడిపించి అమ్మండి.